అక్కా, చిన్న డౌటు

ఐసీయూలో రాత్రి మూడింటికి వచ్చే ప్రశ్నలన్నీ ఒకే మాటతో మొదలవుతాయి. "అక్కా, చిన్న డౌటు."

2008లో జీఎన్ఎం పూర్తిచేసి డ్యూటీలో చేరినప్పుడు ఆ మాట నేననేదాన్ని. ఇప్పుడు గుంటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూకి ఇన్‌చార్జి సిస్టర్ని, రోజూ వింటున్నాను. చిన్నదని వచ్చిన డౌటు నిజంగా చిన్నదైన సందర్భాలు నాకు పెద్దగా గుర్తులేవు.

మొన్న ఒక నైట్ డ్యూటీలో, సెప్సిస్‌తో వచ్చిన పెద్దాయనకి నోరాడ్ (నోరాడ్రినలిన్) మీదే బీపీ నిలబడి ఉంది. యాభై ఎంఎల్ సిరంజిలో ఇక అయిదు మిగిలింది. ఆ బెడ్ చూస్తున్న అమ్మాయికి ఆర్నెల్ల సర్వీసు. కొత్త సిరంజి నింపి, లేబుల్ రాసి, చేతిలో పట్టుకుని వచ్చింది. "అక్కా, చిన్న డౌటు. పాతది తీసేసి ఇది పెట్టెయ్యనా?"

పెట్టెయ్యకూడదు. నోరాడ్ పని ఒంట్లో రెండు మూడు నిమిషాలకి మించి నిలవదు. కొత్త సిరంజి పంపులో పెట్టి స్టార్ట్ నొక్కినా మందు వెంటనే కదలదు. ప్లంజర్‌కీ దాన్ని తోసే పట్టుకీ మధ్య కంటికి ఆనని సందు ఉంటుంది. గంటకి మూడు ఎంఎల్ రేటు మీద ఆ సందు పూడటానికే నిమిషాలు పడతాయి. ఈలోగా పెద్దాయన బీపీ యాభైకి జారిపోతుంది. అందుకని రెండో పంపు తెచ్చుకున్నాం. అందులో కొత్త సిరంజి ఎక్కించి, పర్జ్ నొక్కి, లైను కొస నుంచి చుక్క పడేదాకా నడవనిచ్చాం. అప్పుడు సెంట్రల్ లైన్ దగ్గరున్న త్రీవేకి తగిలించాం. త్రీవే మూసి ఉంచి పంపు నడిపితే లోపల ఒత్తిడి పేరుకుని, తెరవగానే మందంతా ఒక్కసారి పోతుంది. అదీ చెప్పాను. ఆర్టీరియల్ లైన్ మీద మ్యాప్ (సగటు బీపీ) అరవై అయిదు నుంచి మెల్లగా పైకి కదిలాక పాత పంపు తగ్గించుకుంటూ వచ్చి ఆపేశాం. మానిటర్ ఒక్కసారి కూడా అరవలేదు. ఆ అమ్మాయి ఊపిరి బిగబట్టి చూసింది. నేనూ అంతే. ఇన్నేళ్లయినా ఆ రెండు నిమిషాలు నాకు అలవాటు కాలేదు. కాకూడదనే అనుకుంటాను.

తను అడగకపోయుంటే? ఈ ప్రశ్న నన్ను వదలదు. అడగక చేసిన తప్పు నా జీవితంలోనే ఒకటుంది.

డ్యూటీలో చేరిన మొదటి ఏడాది, వేరే ఆసుపత్రిలో. షుగరు మూడొందల ఎనభై ఉన్న పేషెంటుకి ఇన్సులిన్ ఇన్ఫ్యూజన్ కలపమన్నారు: యాభై ఎంఎల్ సెలైన్‌లో యాభై యూనిట్లు. మన దగ్గర ఇన్సులిన్ రెండు బలాల్లో దొరుకుతుంది, ఎంఎల్‌కి 40 యూనిట్లది ఒకటి, 100 యూనిట్లది ఒకటి. నలభైకి ఎర్రమూత సిరంజి, వందకి నారింజ రంగు మూత సిరంజి. రోజూ మాకొచ్చేది నలభై. ఆ రోజు ఫార్మసీ నుంచి వంద వచ్చింది. వయల్ కాస్త వేరుగా ఉందని నాకు అనిపించింది కూడా. అడుగుదామనుకున్నాను. అవతల సీపీఆర్ నడుస్తోంది, అందరూ అక్కడే ఉన్నారు. ఇంత చిన్నదానికి పిలవడమేంటని ఎర్రమూత సిరంజితో యాభై గీతలు లాగి కలిపేశాను. యాభై అనుకున్నవి నూట ఇరవై అయిదు యూనిట్లు. గంటకి నాలుగు పోతున్నాయని నేననుకుంటుంటే, పది పోతున్నాయి.

రెండో గంట రీడింగ్ పడిన వేగం చూసినప్పుడే ఆగాల్సింది. మందు బాగా పనిచేస్తోందనుకున్నాను. మూడో గంటకి 58. ఆమె నుదుటి మీద చెమట, చెయ్యి చల్లగా, పిలిస్తే సగం పలుకుతోంది. ఇన్ఫ్యూజన్ ఆపి 25 శాతం డెక్స్‌ట్రోజ్ వంద ఎంఎల్ ఇచ్చాం. పది నిమిషాల్లో కళ్లు తెరిచి మంచినీళ్లు అడిగింది. నేను స్టోర్ రూములోకెళ్లి ఏడ్చాను.

మా ఇన్‌చార్జి మలయాళీ ఆవిడ. చేచీ అనేవాళ్లం. వయల్ తీసుకెళ్లి చూపించి జరిగింది చెప్పాను. ఆవిడ అరవలేదు. నన్ను వెంటబెట్టుకుని డాక్టర్ గారి దగ్గరికి తీసుకెళ్లింది, పక్కన నిలబడి జరిగింది రాయించింది. ఆ తర్వాత ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. మూడు రోజుల జీతం కోత, సంజాయిషీ ఉత్తరం, నోటీసు బోర్డు మీద నా పేరు. డబ్బు పోయినందుకు కాదు నా బాధ. ఆ నెల తర్వాత నేనక్కడ ఉన్నంతకాలం, ఆ యూనిట్లో ఎవరూ ఒక్క తప్పు కూడా రాయలేదు. తప్పులు ఆగాయా? లేదు. ఎక్కించిన మందు పేరు సర్దుకోవడం, ఛార్టులో టైము మార్చుకోవడం నా కళ్లతో చూశాను. చెప్పినవాళ్లని కొడితే చెప్పడం పోతుందిగానీ తప్పు పోదు.

అందుకే నా యూనిట్లో ఇన్సులిన్ ట్రే వేరు, అందులో ఒకే బలం. హెపారిన్ కూడా అలాంటిదే. అయిదు ఎంఎల్ వయల్‌లో అయిదు వేల యూనిట్లదీ వస్తుంది, పాతిక వేలదీ వస్తుంది, చూపుకి అక్కాచెల్లెళ్లలా ఉంటాయి. పొటాషియం క్లోరైడ్ ఆంప్యూల్స్ మామూలు మందుల పక్కన పెట్టనివ్వను. ఇవి కలిపేటప్పుడు ఇద్దరు చూడాలి, పైకి చదవాలి. రాత్రి ముగ్గురు పేషెంట్లకి ఒక నర్సు ఉన్నప్పుడు రెండో మనిషిని ఎక్కణ్నించి తెమ్మంటారని పిల్లలు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. వెంటిలేటర్ మీదున్న మనిషికి ఒక నర్సు ఉండాలన్నది ప్రమాణం. దానికోసం మీటింగుల్లో అడుగుతూనే ఉన్నాను. రెండో మనిషి దొరక్కపోతే నన్ను నిద్రలేపమన్నాను.

ఇంకో డౌటు సంగతి చెప్పాలి. మా వైపు మిర్చి రైతులు ఎక్కువ, పురుగుమందు కేసులూ ఎక్కువ. ఆ వాసన జుట్టులో, గోళ్లలో ఉండిపోతుంది, ఎంత కడిగినా మన చేతులకీ అంటుకుంటుంది. ఒక రైతు అప్పుల బాధలో మందు తాగి వచ్చాడు. మొదటి రాత్రంతా అట్రోపిన్. అయిదేసి నిమిషాలకి డోసు రెట్టింపు చేసుకుంటూ, ఊపిరితిత్తుల్లో గుర్రుగుర్రు ఆగి, చంకలు ఆరి, నాడి ఎనభై దాటేదాకా ఎక్కించాం. మూడో రోజుకి తేరుకున్నాడు. శాచురేషన్ 98, ఛాతీ క్లియర్. వార్డుకి పంపుదామన్నారు.

దిండు గలీబు మారుస్తూ మా అమ్మాయి "బాబాయ్, తల కాస్త ఎత్తండి" అందట. ఆయన ఎత్తబోయాడు. లేవలేదు. రెండోసారీ లేవలేదు. నీరసం కావచ్చనుకుని ఆమె పనిచేసుకుంటూ వెళ్లిపోయుండొచ్చు. కానీ నా దగ్గరికొచ్చింది. "అక్కా, చిన్న డౌటు. మెడ నిలబట్లేదు. మామూలేనా?"

మామూలు కాదు. ఈ రకం పురుగుమందుల విషంలో మొదటి గండం దాటాక, ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య మెడ, భుజాలు, ఊపిరి కండరాలు చచ్చుబడిపోయే అవకాశం ఉంటుంది. ముందు తెలిసేది మెడ దగ్గరే. శాచురేషన్ చివరిదాకా బాగానే కనబడుతుంది. నేను వెళ్లి "బాబాయ్, ఒక్క గుక్కలో ఒకటీ రెండూ లెక్కపెట్టండి" అన్నాను. తొమ్మిది దగ్గర ఆగిపోయాడు. గంట తర్వాత ఆరు. డాక్టర్ గారు వచ్చి చూసి షిఫ్టింగ్ ఆపేశారు, సాయంత్రానికి ట్యూబు వేశారు. తొందరపాటు లేకుండా, అన్నీ సిద్ధం చేసుకుని. వార్డులో అర్ధరాత్రి ఊపిరి ఆగిపోయుంటే అది వేరే కథ. పదకొండు రోజులు వెంటిలేటర్ మీదున్నాడు. వెళ్లేటప్పుడు ఆయన భార్య ఆ అమ్మాయి చేతులు పట్టుకుని ఏమీ అనలేకపోయింది.

తెల్లవారుజామున పని కాస్త సద్దుమణిగాక వచ్చే డౌట్లు వేరే రకం. "అక్కా, పోస్ట్ బేసిక్ బీఎస్సీ చెయ్యనా?" "అక్కా, పెళ్లయ్యాక నైట్లు ఒప్పుకోరంటున్నారు." "అక్కా, ఈ జీతంతో ఎంతకాలం?" వీటికి నా దగ్గర ప్రొటోకాల్ లేదు. జీతం మాటకొస్తే నాకు కోపమే వస్తుంది. 2016లో సుప్రీంకోర్టు చెప్పాక వేసిన కమిటీ, 200 పడకలు దాటిన ప్రైవేటు ఆసుపత్రుల్లో నర్సు జీతం ప్రభుత్వ నర్సుతో సమానంగా ఉండాలంది, 50 పడకల్లోపు చోట కూడా 20,000కి తగ్గకూడదంది. ఇన్నేళ్లయినా ఆ అంకె కిందే చేరుతున్న పిల్లల్ని చూస్తున్నాను. ఒక మనిషి ఊపిరిని పన్నెండు గంటలు కాపలా కాసిన చెయ్యి అది.

కాబట్టి విదేశాలకి వెళ్తామనేవాళ్లని ఆపను. రెండేళ్లు ఐసీయూలో గట్టిగా పనిచేయమంటాను. చేసిన ప్రొసీజర్లు సొంత నోట్‌బుక్కులో రాసుకోమంటాను. ఏజెంటు అయినా ఆసుపత్రి అయినా ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి చేతికీ ఇవ్వొద్దంటాను. ఇక్కడే ఎదగాలనుకుంటే బీఎస్సీ తర్వాత క్రిటికల్ కేర్‌లో రెండేళ్ల నర్స్ ప్రాక్టీషనర్ కోర్సు ఉందని చెబుతాను. అది చేసినవాళ్లకి తగిన పోస్టులు రావాల్సి ఉంది, అదీ దాచను. జర్మనీ అయితే భాష బీ2 దాకా రావాలి. మన రాష్ట్ర నైపుణ్యాభివృద్ధి సంస్థ, తెలంగాణలో ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా నేర్పించి పంపుతున్నాయి.

మెడ చూసిన అమ్మాయి ఇప్పుడు ఆ క్లాసులకే వెళ్తోంది. నైట్ దిగి, రెండు గంటలు పడుకుని, బస్సెక్కి వెళ్తుంది. పోయిన వారం హ్యాండోవర్ అయ్యాక లాకర్ల దగ్గర నన్ను ఆపింది. ఒకటి నుంచి ముప్పై దాకా ఒక్క గుక్కలో జర్మన్‌లో లెక్కపెట్టి వినిపించింది. తర్వాత పుస్తకంలో లేని వాక్యం ఒకటి టీచర్ని అడిగి నేర్చుకున్నానంది. "బిట్టె హేబెన్ జీ డెన్ కొప్ఫ్."

అంటే ఏంటి అన్నాను.

"తల కాస్త ఎత్తండి, అక్కా."