వెళ్ళేవారికి తోడు



ఇంటికి వచ్చినవారిని ఎట్లు చేర్చుకోవాలో మన పల్లెలకు ఎవరూ నేర్పనక్కరలేదు. కాళ్ళకు నీళ్ళిస్తాము, మంచము వాల్చుతాము, ఉన్నంతలో కోడిని కోస్తాము. బడికి క్రొత్త పంతులుగారు వస్తే పూలదండ వేస్తాము. అదే మనిషి ఊరు విడిచి వెళ్ళేటప్పుడు మాత్రము ఒక శాలువ కప్పి, ఒక ఫోటో దిగి, మన మర్యాద అయిపోయినదనుకుంటాము. ఫోటో దిగిన మరునాటినుండి ఆ మనిషికి ఎన్ని పనులుంటాయో మనము అడగము. 2023 మే, జూన్ నెలలలో ఆ పనులను మేము దగ్గరనుండి చూశాము. చూసినది మీతో చెప్పాలని ఈ నాలుగు మాటలు.

మొయినాబాద్ మండలములో ఒక పెద్ద ప్రైవేటు పాఠశాల. అందులో ఇంగ్లాండు దేశపు టీచరుగారొకరు ఆరు సంవత్సరములు పనిచేశారు. మొయినాబాద్‌లోనే అద్దె ఇంట్లో ఒక్కరే ఉండేవారు. ఆదివారమైతే మర్రిచెట్ల నీడన బస్సులో చేవెళ్ళకు వచ్చి, మా సంఘములో చాపమీద అందరితోపాటు కూర్చునేవారు. శనివారములు మా పిల్లలకు కథల పుస్తకములు చదివి వినిపించేవారు. ఆ దేశములో ఆమె తల్లి ఒంటరిగా ఉన్నారు. ఆ యేడు వేసవిలో ఆ తల్లి జారిపడి తుంటి ఎముక విరిగింది. మొదట కట్టిన ఎముక సరిగా అతకక, జూన్ చివరి వారములో మరల ఆపరేషను చేయాలన్నారు. ఆ లోగా ఈమె ఇక్కడి సంసారమంతా ముగించుకొని చేరాలి. చేతిలో ఉన్నది నలభై రోజులు.

మా దారిలోనే చిలుకూరు ఉన్నది. వీసా రావాలని అక్కడ గుడి చుట్టూ 11 ప్రదక్షిణలు, కోరిక తీరితే 108 ప్రదక్షిణలు చేసేవారిని మనమందరము చూస్తూనే ఉంటాము. విదేశము పోవడానికి ఎంత పాటు పడాలో ఈ ప్రాంతములో చిన్నపిల్లలకు కూడ తెలుసు. విదేశమునుండి తన ఇంటికి తాను పోవడానికి కూడ అంత పాటున్నదని మేము ఆమెతో తిరిగినప్పుడే తెలిసికొన్నాము.

మొదట ఇల్లు. ఖాళీ చేసి, కరెంటు బిల్లు కట్టి, గోడలకు సున్నము వేయించిన తరువాతనే అడ్వాన్సు ఇస్తామన్నారు యజమానులు. ఖాళీ చేయాలంటే సామాను అమ్మాలి. సామాను ముందే అమ్మితే చివరి పది రోజులు వంట దేనిమీద? చివరి జీతము పాఠశాల లెక్కలు తేలిన తరువాత వస్తుంది. ఆ జీతమైనా, అడ్వాన్సైనా బ్యాంకు ఖాతాలోనే పడాలి, గనుక ఖాతా మూయరాదు. ఖాతా ఉన్నంతవరకు ఫోను నంబరు ఉండాలి, ఎందుకంటే ఓటీపీ ఆ నంబరుకే వస్తుంది. ఒక ముడి విప్పితే మరొకటి బిగిసేది. ఒక సాయంత్రము ఆమె మా వరండాలో కూర్చుని, కాగితముమీద ఈ పనులన్నీ వరుసగా వ్రాసి, ఏది ముందో ఏది వెనుకో తేలక కాగితము మడిచిపెట్టి ఊరకుండిపోయారు. మా సతీమణి టీ ఇస్తే అది చల్లారిపోయేవరకు ముట్టలేదు.

మరునాడు సంఘములోని రిటైరైన బ్యాంకు గుమాస్తాగారిని పిలిచాము. ఉద్యోగము ముగించి వెళ్ళే విదేశీయుల ఖాతాను మూయనక్కరలేదనీ, దానిని ఎన్.ఆర్.ఓ. ఖాతాగా మార్పించుకుంటే రావలసిన బకాయిలు అందులో పడతాయనీ, రిజర్వు బ్యాంకు నియమములు దానికి ఒప్పుకుంటాయనీ ఆయన చెప్పారు. ఫోను నంబరుకు రోమింగ్ పెట్టించుకుంటే ఓటీపీ ఇంగ్లాండులోనూ అందుతుందన్నారు. ఆయనే బండి వెనుక ఆమెను కూర్చోబెట్టుకొని బ్యాంకుకు తీసికొనిపోయారు. మూడుసార్లు తిరగవలసి వచ్చింది, కాని పని అయినది.

ఇక ప్రభుత్వపు కాగితములు. 180 రోజులకు మించి ఉండే వీసాతో వచ్చిన విదేశీయులు వచ్చిన 14 రోజులలోగా నమోదు చేయించుకోవాలి. 2018 నుండి ఈ పని ఇంటర్నెట్టు ద్వారా జరుగుతున్నది. ఈమె నివాస అనుమతి గడువు ప్రయాణపు తేదీకి నాలుగు రోజుల ముందే ముగుస్తుంది. కనుక వెళ్ళడానికి వేరుగా అనుమతి కావాలి. దానికి పాఠశాలవారి ఉత్తరము జతపరచాలి. ఉత్తరము వ్రాయవలసినవారు వేసవి సెలవులో ఉన్నారు. టికెట్టు కూడ జతపరచమన్నారు. అనుమతి రాకముందే టికెట్టుకు డబ్బు పోయడమెట్లా అని ఆమె భయము. చివరకు ధైర్యముచేసి టికెట్టు కొన్నారు. జిరాక్సు దుకాణము నడిపే మా యౌవనస్థుడొకడు ఫోటోలు, పత్రములు అడిగిన కొలతకు తగ్గించి, కరెంటు పోయి వచ్చే మధ్యలో రాత్రి పదకొండు గంటలవరకు కూర్చుని అన్నిటిని ఎక్కించాడు.

ఆదాయపు పన్ను సంగతి వేరు. ఉద్యోగముకొరకు వచ్చిన విదేశీయులు దేశము విడిచే ముందు పన్ను బాకీ లేదని పత్రము తీసికోవాలని అప్పుడు అమలులోనున్న 1961 నాటి చట్టములో 230వ సెక్షను చెప్పేది. యజమాని 30ఎ ఫారములో హామీ వ్రాసియిస్తే, అధికారి 30బి ఫారములో పత్రమిచ్చేవారు. పాఠశాల లెక్కలవారు ఆ ఫారము పేరే వినలేదట. ఆమెయే చట్టము ప్రతిని ముద్రించి తీసికొనిపోయి చూపించారు.

పి.ఎఫ్. సొమ్ము విషయములో ఎవరి సహాయమూ పనికిరాలేదు. మన దేశముతో సాంఘిక భద్రత ఒప్పందము లేని దేశస్థులు 58 సంవత్సరములు నిండేవరకు ఆ సొమ్ము తీసికొనరాదని అప్పటి నియమము. ఇంగ్లాండుతో అప్పుడు అటువంటి ఒప్పందము లేదు. ఆమెకు అప్పుడు 46. "పన్నెండేండ్లా! అంటే గోదావరి పుష్కరమంత" అన్నాడు మా జిరాక్సు అబ్బాయి. పుష్కరమంటే ఏమిటో అడిగి తెలిసికొని, ఆ నెలలో మొదటిసారి ఆమె నవ్వారు.

సామాను అమ్మకములో ఇంకొక చిక్కు. మే 19న రిజర్వు బ్యాంకు 2000 రూపాయల నోట్లను ఉపసంహరిస్తున్నట్లు ప్రకటించింది. ఫ్రిజ్జు కొన్నవారు నాలుగు 2000 నోట్లే తెచ్చి చేతిలో పెట్టారు. అవి చెల్లేవే, ఆ యేడు సెప్టెంబరు 30లోగా బ్యాంకులో వేసికొనే వీలుండేది. కాని కిరాణా కొట్లో ఎవరూ పట్టేవారు కారు. ఎనిమిది వేలు చేతిలో ఉండి కూడ ఆ రోజు ఆటోకు మా దగ్గర చిల్లర తీసికొన్నారు.

పుస్తకములు, పిల్లలు గీసిచ్చిన బొమ్మలు పార్సెలు కట్టాము. మా సంఘపు దర్జీ అక్క తెల్లగుడ్డతో చుట్టూ చక్కగా కుట్టి ఇచ్చింది. తీసికొనిపోయిన తపాలా కార్యాలయములో, లోపలున్నవి చూడాలి, విప్పమన్నారు. అక్కడే విప్పి, చూపించి, బయట చెట్టుక్రింద కూర్చుని మరల మేమే కుట్టాము. కస్టమ్సు ఫారములో ప్రతి వస్తువుకు వెల వ్రాయాలి. బొమ్మలకు వెల లేదంటే ఒప్పుకోలేదు. వంద రూపాయలని వ్రాశారు.

అన్నిటికంటె కష్టమైనది ఒక ఇత్తడి చెంబు. మా సంఘములోని ఒక వృద్ధురాలు దానిని చింతపండుతో తోమి, కొంగులో చుట్టి తెచ్చి ఆమె ఒడిలో పెట్టింది. "మా అత్తమ్మది బిడ్డా. మా అత్తమ్మకు వాళ్ళ అత్తమ్మ ఇచ్చిందట. నువ్వు తీస్కపో" అన్నది. ఆ మాట విని మా గుమాస్తాగారు మెల్లగా మమ్మును ప్రక్కకు పిలిచారు. నూరేండ్లు దాటిన వస్తువును 1972 నాటి పురావస్తువుల, కళానిధుల చట్టము ప్రకారము దేశము దాటించరాదు. అనుమానమున్నప్పుడు పురావస్తు శాఖవారికి చూపించి, అది పురావస్తువు కాదని పత్రము తీసికోవాలి. ఈ చెంబు వయస్సు ఎవరికి తెలుసు? ప్రయాణమునకు మిగిలినది ఐదు రోజులు.

ముసలమ్మకు చట్టము చెప్పడమెట్లా? ఇచ్చిన బహుమానము తిరిగి ఇవ్వడము మన వాడుకలో అవమానము. టీచరుగారే ఆమె ప్రక్కన నేలమీద కూర్చుని, తనకు వచ్చిన కొద్దిపాటి తెలుగులో చెప్పుకున్నారు: "అమ్మా, సర్కారు వద్దు అంటుంది. ఇక్కడ పెట్టు. నాదే." ముసలమ్మ కొంతసేపు ఏమీ అనలేదు. తరువాత, "అయితే మల్ల వచ్చినప్పుడు తీస్కపోతవు" అని, చెంబును మా సతీమణి చేతికిచ్చింది. శనివారము కథలకు వచ్చే పిల్లలు ఆ చెంబుతోనే నీళ్ళు త్రాగుతున్నారు.

అనుమతి రెండు రోజుల ముందు వచ్చింది. శంషాబాద్ విమానాశ్రయమునకు మేము ఐదుగురము వెళ్ళాము. తల్లి ఆపరేషనుకు మూడు రోజుల ముందే ఆమె ఇల్లు చేరారు. అడ్వాన్సు రెండు నెలలకు ఖాతాలో పడింది. పి.ఎఫ్. సొమ్ము ఇక్కడే ఉన్నది.

ప్రియులారా, ఈ మాటలు ఒక్క విదేశీయురాలిని గూర్చి కావు. జగిత్యాలనుండి, నిజామాబాద్‌నుండి, కోనసీమనుండి మన ఇండ్ల పిల్లలు సౌదీకి, కువైట్‌కు, దుబాయికి వెళ్ళారు. పని ముగించి వచ్చేటప్పుడు వారికీ ఇదే అవస్థ. సౌదీలో ఖురూజ్ దొరకాలి, నిలిచిపోయిన జీతము రావాలి, గది లెక్క తేలాలి. ఇక్కడ తల్లి మంచముపట్టిందని కబురు అందినా ఆ కాగితము లేనిదే విమానమెక్కలేరు. అప్పుడు వారి వెంట కార్యాలయమునకు నడిచే మనిషి ఒక్కడున్నా ఎంత మేలు! అపొస్తలుడైన పౌలు కూడ త్రోయలో ఒకరి ఇంట తన అంగీని వదలి వచ్చి, దానిని తెచ్చిపెట్టమని తిమోతిని అడిగినవాడే.

కనుక మీ ఊరి బడినుండి, ఆసుపత్రినుండి, మీ ప్రక్క ఇంటినుండి ఎవరైనా వెళ్ళిపోతున్నారని తెలిసినప్పుడు, శాలువ కొనేముందు ఒక్క మాట అడగండి: "ఇంకా ఏ పనులు మిగిలినవి?" గ్యాసు సిలిండరు తిరిగి ఇవ్వాలా, రేషను కార్డు మార్చాలా, పిల్లల టి.సి. తేవాలా, ముసలివారిని బస్సెక్కించాలా? మీకు వచ్చిన పని ఒకటి పట్టుకోండి. చదువు వచ్చినవారు ఫారము నింపండి, బండి ఉన్నవారు బండిమీద తీసికొనిపోండి, ఏదీ లేనివారు వరుసలో ప్రక్కన నిలబడండి. మేము ఆ నలభై రోజులలో చేసినది చాలావరకు ప్రక్కన నిలబడడమే.

ఆ తల్లీకూతుళ్ళు ఇప్పుడు ఒకే ఇంటిలో ఉన్నారు. ఉత్తరము వచ్చినప్పుడల్లా చెంబు సంగతి అడుగుతారు. వారికొరకు ప్రార్థించండి. పరదేశములలోనుండి ఇంటి దారి చూస్తున్న మన పిల్లలకొరకు కూడ ప్రార్థించండి.