కేలండర్లో తెల్ల గళ్ళు

మార్కమ్‌లో మా ఇంటి ఫ్రిజ్ తలుపుకి ఒక కేలండర్ ఉంటుంది. టీటీడీ వారిది కాదు, ఆఫీసు ప్రింటర్లో నేను వేసుకొచ్చినది. ఎర్ర గడి అంటే మా ఆవిడ ఊళ్ళో లేని రోజు. తెల్ల గడి అంటే ఇంట్లో ఉండే రోజు.

మా ఆవిడ లోకమ్ డాక్టరు. లాటిన్‌లో 'లోకమ్ టెనెన్స్' అంటే ఇంకొకరి చోటు పట్టుకుని ఉండే మనిషట. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపడం మనకి తెలియనిదా? ఆ కర్చీఫే మా ఆవిడ.

గుంటూరు మెడికల్ కాలేజీలో చదివింది. ఇక్కడికొచ్చి పరీక్షలన్నీ మళ్ళీ రాసింది, రెసిడెన్సీ చేసింది, విదేశాల్లో చదివొచ్చిన వాళ్ళకి ఒంటారియో పెట్టే ఒప్పందం ప్రకారం టొరంటోకి దూరంగా 5 ఏళ్ళు పనిచేసింది. అవి పూర్తయ్యాక, "ఇకమీదట నా టైము నా చేతిలో ఉండాలండీ" అని 2018లో లోకమ్‌లోకి దిగింది.

ఉండలేదని అనను. 2019లో తెనాలిలో మావయ్యగారికి పక్షవాతం వస్తే, మర్నాడే విమానమెక్కి ఆరు వారాలు ఆయన మంచం పక్కనే కూర్చుంది. సొంత క్లినిక్కే ఉంటే వెయ్యిమంది పేషంట్లని ఎవరికి అప్పగించి వెళ్ళేది? ముందు తనే ఒక లోకమ్‌ని వెతుక్కోవాల్సి వచ్చేది.

ఆ ఆరు వారాలూ రాబడి సున్నా అనుకోండి. సెలవు జీతం, పెన్షన్ ఉండవు. నేనూ కాంట్రాక్టు మీద బతికే కన్సల్టెంటునే కాబట్టి ఆ లెక్క నాకు కొత్త కాదు. తేడా ఒక్కటే, నేను ఒక రోజు మానేస్తే ఎవరి ప్రాణం మీదకీ రాదు. ప్రోగ్రాంలో తప్పు సోమవారం దాకా అలాగే పడి ఉంటుంది.

మార్కమ్‌కి ఉత్తరంగా రెండు గంటల పైచిలుకు దూరంలో మిండెన్ అనే చిన్న ఊరుంది. సిబ్బంది చాలక అక్కడి ఎమర్జెన్సీ విభాగాన్ని 2023 జూన్ 1న శాశ్వతంగా మూసేశారు. ఆ ఊరివాళ్ళు ఇప్పుడు హాలిబర్టన్ దాకా, అంటే ఇంకో పాతిక కిలోమీటర్లు పోవాలి. ఆ వార్త చదివినప్పటినుంచి మా ఆవిడకి ఫోన్లో "కుదరదు" అనడం మరీ కష్టమైపోయింది.

ఆ అక్టోబరులో ఒక శనివారం మా అమ్మాయి కూచిపూడి ప్రదర్శన. కేలండర్లో తెల్ల గడి, చుట్టూ అమ్మాయి గీసుకున్న పూలు. గురువారం రాత్రి ఫోన్. వేరే ఊరు, శనివారం నైట్ షిఫ్టుకి డాక్టరు లేరు, ఎవరూ దొరక్కపోతే ఆ రాత్రికి ఎమర్జెన్సీ మూసేయాల్సి రావచ్చు. ఆవిడ నావంక చూసింది.

"వెళ్ళకు," అన్నాను. అంత గట్టిగా నేనెప్పుడూ చెప్పలేదు.

వెళ్ళలేదు. పట్టుచీర కట్టుకుని హాల్లో నా పక్కనే కూర్చుంది, చీర మడతల్లో ఫోను వెలుగుతూనే ఉంది. అమ్మాయి ఇత్తడి పళ్ళెం అంచుల మీద నిలబడి తరంగం మొదలుపెట్టింది. నేను మోచేత్తో పొడిచాను. "ఒక్క నిమిషం," అంది. చాలాసేపటికి మెసేజి వచ్చింది, ఎవరో దొరికారు. ఊపిరి పీల్చుకుని తలెత్తేసరికి స్టేజి మీద మంగళం పాడుతున్నారు.

తిరిగొస్తుంటే కారులో అమ్మాయి అడిగింది, "అమ్మా, పళ్ళెం జారబోయింది, చూశావా?"

"చూశానమ్మా, భలే ఆపుకున్నావు," అంది మా ఆవిడ.

పళ్ళెం జారలేదు. ఆ సంగతి మా అమ్మాయికీ తెలుసు, నాకూ తెలుసు.