ఎర్ర గింజలు చూసి ఎర్రచందనం అనుకున్నాను

ఢిల్లీ ద్వారకలో మా సొసైటీ పార్కు గోడ పక్కన పెరుగుతున్న చెట్టుకు "రక్తచందనం" అని బోర్డు రాయించింది నేనే. చుట్టుపక్కల ఇళ్లకు మొక్కలు పంచిందీ నేనే. "ఇది అంతరించిపోతున్న చెట్టు, మీరు కాపాడుతున్నారు" అని పిల్లలకు చెప్పాను. తీరా చూస్తే అది బండి గురివింద.

గింజలు ఒక యాత్రాస్థలంలో రక్తచందనం పేరుతో కొన్నవి. నిగనిగలాడే ఆ ఎరుపు చూసి నమ్మేశాను. రాజంపేట నుంచి కొడుకు ఇంటికి వచ్చిన పెద్దాయన ఆకు చేత్తో పట్టుకుని, "ఇది మా కొండ చెట్టు కాదమ్మా. దానికి మూడేసి ఆకులుండాల" అన్నారు.

నిజానికి దాగే తేడా కాదది. ఎర్రచందనానికి ఒక్కో ఈనెకు మూడు, అరుదుగా అయిదు వెడల్పాటి ఆకులు. కాయ గుండ్రటి బిళ్ల. చుట్టూ పలుచని రెక్క, గాలికి కొట్టుకుపోతుంది. బండి గురివిందకు రెండుసార్లు చీలిన ఈనెల మీద చిన్న చిన్న ఆకులు; పొడవాటి కాయ మెలితిరిగి పగిలి, ఎర్ర గింజలు బయటపెడుతుంది. రెండూ చిక్కుడు కుటుంబమే, రెండింటి పూలూ పసుపే. ఉపకుటుంబాలు మాత్రం వేరు.

ఆకు పోల్చుకోలేకపోవడం కన్నా పిల్లలకు చెప్పిన మాటే నన్ను ఎక్కువ బాధపెట్టింది. బండి గురివింద ఎన్నో ఉష్ణదేశాల్లో పెరుగుతుంది. కొన్ని పసిఫిక్ దీవుల్లో స్థానిక మొక్కలకే చోటు లేకుండా చేస్తోంది. ఎర్రచందనానికి సహజమైన ఇల్లు శేషాచలం, వెలిగొండ, లంకమల, పాలకొండలు, వాటి చుట్టుపక్కల రాతి నేలలు. చేవ పట్టడానికి దశాబ్దాలు కావాలి, దొంగ గొడ్డలి అన్నాళ్లు ఆగదు. 1995 నుంచి అది, అంతరించే జాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉంది. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం (ఐయూసీఎన్) 2018లో దాని ముప్పు కాస్త తగ్గిందని లెక్కగట్టి, తర్వాత మళ్లీ అంతరించే ప్రమాదమున్న జాతుల్లో చేర్చింది.

అసలు గింజే దొరికినా నా మాట తప్పయ్యేది. మాది ఒండ్రు మైదానం, పైపుతో నీళ్లు పోసే పార్కు. ఇక్కడ నాటిన చెట్టు బతికినంత మాత్రాన, గింజ తనంతట రాలి, ఎండకూ కార్చిచ్చుకూ ఓర్చి మొలిచే ఆ కొండల అడవి బతికినట్టు కాదు.

బోర్డు మార్పించాను. మొక్కలు తీసుకున్న ఇళ్లకు వెళ్లి పేరు సరిదిద్దాను. "అయితే పీకేయాలా ఆంటీ?" అని ఒక పిల్ల అడిగింది. నీడకు ఉంచుకోమన్నాను. కాపాడుతున్నామన్న మాట మాత్రం వెనక్కి తీసుకున్నాను.