ఎడమచేతి గిటారు

మా అబ్బాయిది పుట్టుకతో ఎడమచేతి వాటం. అన్నం తినేటప్పుడు, ఎవరికైనా ఏదైనా ఇచ్చేటప్పుడు "కుడిచెయ్యి!" అని గద్దించడం మాకు అలవాటైపోయింది. ఇక్కడ కాలిఫోర్నియాలో సర్ఫ్ సంగీతం విని, వాడు ఎలక్ట్రిక్ గిటారు కావాలన్నాడు. కుడిచేతిదే కొందామనుకున్నాము, అది సులువుగా దొరుకుతుంది.

కొట్టులో మూడు ఫెండర్లు చూశాము: 1954లో మొదట వచ్చిన స్ట్రాటోకాస్టర్, 1958 నాటి జాజ్‌మాస్టర్, 1962 నాటి జాగ్వార్. మూడింటికీ స్వరాన్ని అలలా ఊపే మీట ఉంది. జాగ్వార్‌లో తీగల నిడివి తక్కువ, 24 అంగుళాలే; చిన్న వేళ్ళకు సులువు. నీటిలో తడిసినట్లుండే ఆ మ్రోత మాత్రం గిటారుది కాదు, స్ప్రింగ్ రివర్బ్ పెట్టెదట.

అంతలో మావాడు నెమ్మదిగా అన్నాడు: "నాన్నా, డిక్ డేల్ కూడా ఎడమచేతి వాడే. మొదట్లో కుడిచేతి గిటారునే తిరగేసి వాయించాడు. నేనూ అలాగే తిరగేస్తాను. చెయ్యి మాత్రం మార్చుకోమనకండి."

మా ఇద్దరికీ మాట రాలేదు. కాస్త ఖర్చయినా ఎడమచేతి స్ట్రాటోకాస్టరే కొన్నాము.

ఆ రాత్రి వాడు ఎడమచేత్తో అన్నం కలుపుకుంటుంటే మేము గద్దించలేదు. తల్లిదండ్రులారా, మీ ఇంట్లోనూ అలాంటి బిడ్డ ఉంటే, ఒక్కసారి వాడి మాట వినండి.