అరువుకెళ్ళిన పాత్రలు

‘వదినగారూ, పాయసానికి ఓ పెద్ద పాత్ర ఉంటే ఇద్దురూ’ అని పక్కింటావిడ అడిగితే ఏం చేస్తారు? ఇస్తారు. తిరిగొచ్చేదాకా మాత్రం మనసంతా దానిమీదే. సొట్ట పడిందో, మాడిందో! నేను చెప్పబోయేది గిన్నెల సంగతి కాదులెండి. కథల్లో పాత్రలది. వాటికీ ఈ అరువు తగాదాలున్నాయి.

షెర్లాక్ హోమ్స్‌ని నాటకంగా ఆడబోతూ జిలెట్ అనే నటుడు, ‘మీవాడికి పెళ్ళి చేసెయ్యచ్చా?’ అని కానన్ డాయిల్‌ని అడిగాట్ట. పెళ్ళే చేస్తావో, ప్రాణమే తీస్తావో నీ ఇష్టం పొమ్మన్నాడాయన. ఎంత ధారాళమో అనుకుంటున్నారా? ఆగండి. 1906లో ఫ్రాన్సులో మోరిస్ లెబ్లాన్ అదే హోమ్స్‌ని చెప్పాపెట్టకుండా తన దొంగ ఆర్సేన్ లుపిన్ కథలోకి లాగితే మాత్రం ఒప్పుకోలేదు. లెబ్లాన్ తక్కువవాడా? అక్షరాలు అటూ ఇటూ చేసి ‘హెర్లాక్ షోల్మెస్’ అన్నాడు. గిన్నెమీద కొట్టించిన పేరు గీకేసి మనింటికే పులుసు పంపినట్టు!

అసలు మజా స్పెయిన్‌లో. సెర్వాంటెస్ 1605లో డాన్ క్విక్సోట్ మొదటి భాగం తెచ్చి, రెండోదానికి తాత్సారం చేశాడు. (మనం చెయ్యమేమిటి?) 1614లో ఎవడో అవెల్లనేడా అని దొంగపేరు పెట్టుకుని రెండో భాగం అచ్చేసేశాడు. పైగా ముందుమాటలో, ముసలాడనీ చెయ్యి పడిపోయినవాడనీ ఎత్తిపొడుపులు. ఆ ఎడమచెయ్యి 1571లో లెపాంటో యుద్ధంలో పోయింది పాపం!

ఊరుకుంటాడా? 1615లో తన రెండో భాగం వదిలాడు. అందులో క్విక్సోట్ సత్రంలో దిగితే, పక్కగదిలో ఆ నకిలీ పుస్తకమే చదువుతుంటారు! అందులో తను సరగోసా వెళ్ళాట్టా? అయితే ఆ ఊరి పొలిమేర తొక్కనని బార్సిలోనా దారి పడతాడు. అక్కడితో అయిందా? దొంగ పుస్తకంలోని అల్వారో తార్ఫే అనేవాణ్ణి సెర్వాంటెస్ తన కథలోకి ఎత్తుకొచ్చి, ‘నేను చూసినవాడు ఈయన కాడు’ అని ఊరి అధికారి ముందు రాయించాడు. మన పాత్ర కాజేసినవాడింటికెళ్ళి వాడి పాత్రని పట్టుకొచ్చి సాక్ష్యం చెప్పించడం! చదివినప్పుడల్లా నాకు నవ్వాగదు. చివర్లో క్విక్సోట్‌ని చంపేశాడు, ఇంకెవడూ పట్టుకుపోకుండా. అది మాత్రం నాకు మింగుడుపడదు. ఇవ్వనన్నాడు సరే, సొంత గిన్నె నుయ్యిలో పారేసుకుంటారుటండీ?

మన గిరీశానికి ఈ గొడవల్లేవు. కన్యాశుల్కంలోంచి చక్కా వచ్చి, ముళ్ళపూడి వెంకటరమణ కలంలో దూరి సినిమాలమీద లెక్చర్లు దంచాడు. గురజాడవారు 1915లోనే పోయారాయె, అడగడానికెవరున్నారు? అయినా గిరీశం ఒకరు అడిగితే వచ్చే రకమా? చుట్ట ముట్టించుకుని తనే వచ్చి కూచుంటాడు గానీ.