మూడు రంగుల పిల్లి, ముందే పాడిన చీటీ

పిల్లి వైద్యానికి మాకైన ఖర్చు 12,850 రూపాయలు. ఆ డబ్బు కోసమని పాడిన చీటీలో నేను వదులుకున్నది 10,000. మొదటి లెక్క మా ఆవిడ క్యాలెండరు వెనక పెన్సిలుతో రాసుకుంది, రూపాయి తేడా రాదు. రెండో లెక్క చాలాకాలం నేనెవరికీ చెప్పలేదు.

మేముండేది చిలకలూరిపేటలో. గణపవరం వైపు ఒక స్పిన్నింగు మిల్లులో గుమాస్తా పని నాది. పత్తి సీజనులో తెల్లవారకముందే గేటు దగ్గర లారీలు వరస కడతాయి. డిసెంబరులో ఒక పొద్దున మంచు ఇంకా విడవలేదు. ముందున్న లారీ కదలగానే వెనక చక్రం పక్కనుంచి ఒక్క అరుపు వినిపించింది. తెలుపు, నలుపు, ఎరుపు కలిసిన పిల్లి. వెనక కాళ్ళు రెండూ ఈడ్చుకుంటూ తూము కిందికి పాకిపోతోంది. రోజూ క్యాంటీను గుమ్మంలో కూర్చునేదే. హమాలీలు గోనెసంచి తెచ్చిచ్చారు. సంచితో పట్టుకునేలోపు నా బొటనవేలు కొరికింది. దాని తప్పేం లేదు, అంత నొప్పిలో ఉంది.

పంపు కింద సబ్బుతో పావుగంట వేలు కడుక్కున్నాను. రేబిస్ టీకాలు ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగానే వేశారు. మొదటి రోజు, మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు. పిల్లి కరిస్తే ఏమవుతుందిలే అనుకునేవాళ్ళు మా మిల్లులోనే చాలామంది ఉన్నారు. అందుకే ఈ మాట ముందు చెప్పాను.

గేటు దగ్గరే ఒకాయన తన జేబులోంచి జ్వరం బిళ్ళ తీసి, సగం విరిచి పాలల్లో కలిపి పట్టమన్నాడు. మంచి మనసుతోనే చెప్పాడు. ఎందుకో నేను పట్టలేదు. పారాసిటమాల్ పిల్లికి విషమనీ, దాన్ని విరిచేసే శక్తి దాని కాలేయానికి లేదనీ, సగం బిళ్ళ చాలు ప్రాణం తీయడానికనీ తర్వాత డాక్టరుగారు చెప్తే నా ఒళ్ళు చల్లబడింది.

పేటలో పశువుల డాక్టరుగారు నొప్పికి ఇంజెక్షను వేసి, ఎక్స్‌రే తీయించాలి, గుంటూరు తీసుకెళ్ళమన్నారు. పేట ఆసుపత్రి వరండాలో నాకు ముందు ఒక రైతు, వెనక ఒక రైతు, ఇద్దరివీ గేదెల బాధలే. మా పల్నాడులో గేదెకు బీమా ఉంది, గేదె కొనడానికి బ్యాంకు అప్పు ఉంది, 1962కి ఫోను చేస్తే పశువైద్యం వాహనం ఊళ్ళోకే వస్తుంది. ఉండాల్సిందే. గేదె పడిపోతే ఆ ఇంటి నెల గడవదు. నా సంచిలో ఉన్నదానికి మాత్రం ధర లేదు. ఇరవై ఏళ్ళుగా ఖాతాలు రాస్తున్నాను, ధర లేనిదాని మీద ఎంతవరకు పెట్టవచ్చో చెప్పే పద్దు ఏ పుస్తకంలోనూ చూడలేదు. ఇంటికి ఫోను చేస్తే మా ఆవిడ ఒక్కటే అడిగింది, "బతికే ఉందాండీ? అయితే ఇంకా అక్కడే నిలబడ్డారేం?"

కారు మాట్లాడుకుని గుంటూరు వెళ్ళాం. కారుకు 1,900. రెండు ఎక్స్‌రేలకు 1,000. డాక్టరు ఫీజు, సెలైను, ఇంజెక్షన్లు కలిపి 1,150. ఆ రోజుకు మొత్తం 4,050. నా బ్యాంకు ఖాతాలో అప్పటికి 6,300 ఉన్నాయి. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూసుకుని ఉంటే ఈ వ్యాసం రాయాల్సిన పనే ఉండేది కాదు.

తుంటి ఎముక రెండుచోట్ల విరిగింది. డాక్టరుగారు ఫిల్మును వెలుగుకు పెట్టి ఓపిగ్గా చెప్పారు. పిల్లికి తుంటి విరిగినా చాలాసార్లు కోత అవసరం ఉండదు, కదలకుండా బోనులో నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచితే ఎముక దానంతటదే అతుక్కుంటుంది. మూడు రోజులు చూద్దాం. తనంతట తను మూత్రం పోస్తోందా, తోక కదిలిస్తోందా, కాలివేలు నొక్కితే వెనక్కి లాక్కుంటోందా అన్నవి గమనించండి. ఇవి లేకపోతే అప్పుడు ఆపరేషన్ సంగతి ఆలోచిద్దాం, పాతిక వేలదాకా అవుతుంది.

ఆయన చెప్పింది మూడు రోజులు ఆగమని. నాకు వినబడింది పాతిక వేలు.

మర్నాడు సాయంత్రం మా వీధిలో చీటీ పాట. యాభై వేల చీటీ, ఇరవై ఐదు మంది, నెలకు రెండు వేలు. అది ఎనిమిదో నెల. చీటీ నడిపే ఆవిడతో "పిన్నీ, ఈసారి నాకు కావాలి" అని కూర్చున్నాను. కూతురి పెళ్ళి పెట్టుకున్నాయన ఒకరు పోటీకి వచ్చారు. ఎనిమిది వేల దగ్గర ఆగిపోవలసిన పాట పన్నెండున్నర వేలదాకా వెళ్ళింది. నేనే ఆగలేదు. చేతికి 37,500 వచ్చాయి. చివరి నెలదాకా ఉంటే కమీషను 2,500 పోను 47,500 వచ్చేవి. పదిహేడు నెలలు ముందే అందాయి కదా అంటే నిజమే. బ్యాంకులో ఏడు శాతానికి వేసుంటే అందులో 3,700 దాకా తిరిగి వచ్చేది. వెయ్యలేదు. పిల్లికి పోగా మిగిలిన 24,650 సంక్రాంతి బట్టలకు, బావి మోటారుకు, ఒక బంధువు చేబదులుకు కరిగిపోయాయి. చేతిలో ఉన్న డబ్బుకు అవసరాలు వాటంతటవే పుట్టుకొస్తాయి. పైగా అది రిజిస్టరైన చీటీ కాదు. 1982 నాటి చిట్‌ఫండ్స్ చట్టం కింద నమోదుకాని చీటీలో రేపేదైనా తేడా వస్తే మన డబ్బు మనం అడగడమే కష్టం. అది ముగిశాక మళ్ళీ చేరకూడదని నిర్ణయించుకున్నాను.

నన్ను ఎక్కువగా బాధించేది ఇంకొకటి ఉంది. మా అమ్మాయి చదువుకని 2023 నవంబరు నుంచి పోస్టాఫీసులో నెలకు 2,000 చొప్పున ఆర్‌డీ కడుతున్నాం. అప్పటికి పద్నాలుగు వాయిదాలు కట్టాం, 28,000. పన్నెండు వాయిదాలు దాటిన ఆర్‌డీ మీద, కట్టినదాంట్లో సగందాకా పోస్టాఫీసే అప్పు ఇస్తుంది. వడ్డీ, ఆర్‌డీ రేటుకు పైన రెండు శాతం. మాది 6.7, అంటే అప్పుకు 8.7. పదమూడు వేలు తీసుకుని ఆరు నెలల్లో తీర్చినా వడ్డీ 570 రూపాయలు దాటదు. ఆర్‌డీని విరగ్గొట్టే పని కూడా లేదు. ఈ సంగతి నాకు తెలియక కాదు. అది అమ్మాయి డబ్బు, దాన్ని ముట్టుకోకూడదు అని మనసులో ఒక గీత గీసుకున్నాను. ఆ గీతకు అవతల 570 ఉంది, ఇవతల 10,000 ఉంది. పదో తరగతి చదివే ఆ పిల్లకే ఈ లెక్క చెప్తే, "నాన్నా, నన్ను అడిగుంటే నేనే ఇమ్మనేదాన్ని కదా" అంది.

మూడో రోజు తెల్లవారుజామున బోనులో పరిచిన పేపరు తడిసి ఉంది. మా ఆవిడ నన్ను నిద్రలేపి మరీ చూపించింది. తోక కొస కదిలింది. ఆపరేషన్ అక్కర్లేకపోయింది.

తర్వాతి ఖర్చులు ఒక్కసారిగా వచ్చినవి కావు, అదే అప్పుడు నాకు తట్టలేదు. బోనుకు 1,800. ఇంట్లో వాడిన మందులకు 740. ఆరు వారాల తిండికి 1,450. మొదటి రెండు రోజులు అది మూతి తిప్పేసింది. పిల్లి రెండు మూడు రోజులు వరసగా తినకపోతే కొవ్వు కాలేయంలో చేరి ప్రాణం మీదికి వస్తుందని డాక్టరుగారు ముందే హెచ్చరించారు. అందుకని ఉడికించిన కోడిమాంసాన్ని మెత్తగా నూరి, అమ్మాయి వేలితో మూతికి రాసేది, అది నాక్కునేది. పాలు మాత్రం పొయ్యలేదు, పెద్దపిల్లులకు ఆవుపాలు, గేదెపాలు సరిగా అరగవు. అప్పటికే నడుము కదల్చలేనిదానికి విరేచనాలు పట్టుకుంటే ఎలా?

ఆరో వారం బస్సులోనే బుట్టలో పెట్టుకుని గుంటూరు తీసుకెళ్ళాం. ఛార్జీలు, ఎక్స్‌రే, ఫీజు అన్నీ కలిపి 1,110. ఎముక అతికింది కానీ తుంటి దారి ఇరుకైందన్నారు. మూడు రంగులున్న పిల్లి దాదాపు ఎప్పుడూ ఆడదే. ఇది చూలు కడితే కాన్పు కష్టమై తల్లీ పిల్లలూ పోవచ్చు. పిల్లలు పుట్టకుండా ఆపరేషనుకు 3,000, టీకాకు 700. ఇంట్లో ఈ 3,000 మీదే మాటా మాటా వచ్చింది. "బతికించాం కదా నాయనా, ఇక వదిలెయ్, దాని దారి అది చూసుకుంటుంది" అంది అమ్మ. అమ్మ మాట నేనెప్పుడూ తీసెయ్యను. కానీ అరవై నాలుగు రోజుల్లో కాన్పుకొచ్చే జంతువుని ఆ తుంటితో మళ్ళీ మిల్లు గేటుకి వదిలేస్తే ముందు పెట్టిన తొమ్మిది వేలకు అర్థమేముంది? మొత్తం ఖర్చులో ఆలోచించి, వెతికి, తొందరపడకుండా పెట్టింది ఆ మూడు వేలే.

ఇప్పుడు పోస్టాఫీసులో వేరే సేవింగ్స్ ఖాతా ఒకటి తెరిచాం. నెలకు 400 అందులో వేస్తాం. నాలుగు శాతం వడ్డీయే వస్తుంది, ఆర్‌డీలో వేస్తే ఎక్కువొస్తుందని తెలుసు. కానీ ఇది ఏ పొద్దున అవసరమైతే ఆ పొద్దున తీసుకోవాల్సిన డబ్బు. పిల్లికేనా, మనిషికేనా అని దాని మీద పేరు రాయలేదు.

పిల్లి మాతోనే ఉంటోంది. కుడికాలు కొంచెం ఎత్తి వేస్తుంది, గోడ మాత్రం ఎక్కుతుంది. మిల్లులో ఎవరు "ఎంతయింది?" అని అడిగినా చీటీతో సహా మొత్తం లెక్క చెప్తున్నాను. అలా విన్న హమాలీ ఒకతను ఆమధ్య ఒక మధ్యాహ్నం నా బల్ల దగ్గరికొచ్చి నిలబడ్డాడు. వాళ్ళ వీధి కుక్కకు ముందుకాలు విరిగిందట, డాక్టరు 1,500 అవుతుందన్నాడట. ఆ ఖాతాలోంచి తీసి ఇచ్చాను. శనివారం కూలి డబ్బు అందగానే రెండేసి వందలు తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్తాడు. ఐదు శనివారాలు కట్టాడు, ఇంకా మూడున్నాయి.