ఊసరవెల్లికో ఇల్లు

ఊసరవెల్లిని పెంచుతున్నామంటే మన వాళ్ళు ముందు నవ్వుతారు, తర్వాత "ఛీ, ఇంట్లోనా?" అంటారు. మా అత్తగారు ఫోన్లో రెండూ ఒకేసారి చేశారు. ఇండియాలో అయితే ఈ ముచ్చటే లేదు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన ఊసరవెల్లిని పట్టి పెంచడం నేరం. మేం జెద్దాలో తెచ్చుకున్నది వేరే జాతి, యెమెన్ ఊసరవెల్లి. నెత్తిన టోపీలా ఎత్తుగా ఎముక, తోకతో కలిపి రెండడుగుల దాకా పొడుగు. యెమెన్‌తో పాటు సౌదీ నైరుతి కొండలు కూడా దాని పుట్టిల్లే. అంటే ఇక్కడ పరాయివాళ్ళం మేమే గానీ అది కాదు :)

మగదాన్నే తీసుకున్నాం. వెనక కాలి మడమ దగ్గర పుట్టుకతోనే చిన్న ముల్లుంటుంది, అదే గుర్తు. ఆడది జత లేకపోయినా గుడ్లు పెడుతుంది, అవి లోపలే ఇరుక్కుంటే ప్రాణం మీదకొస్తుంది.

ఇక అసలు సంగతి, ఇల్లు. గాజు తొట్టా, జాలీ పెట్టా? బలద్‌లో పాత ఇళ్ళ చెక్క జాలీ కిటికీలు చూస్తే జవాబు తెలిసిపోతుంది, గాలి ఆడాలి. కదలని తేమలో దాని ఊపిరితిత్తులు చెడతాయి. కానీ ఆ ఇళ్ళు కట్టిన రోజుల్లో ఏసీలు లేవు! ఇప్పుడు బయట చొక్కా అంటుకుపోయే ఉక్క, లోపల పెదాలు పగిలే పొడి. ఒట్టి జాలీ అయితే కొట్టిన నీళ్ళు నిమిషాల్లో ఆరిపోతాయి. అందుకని 60 సెంటీమీటర్ల వెడల్పు, అంతే లోతు, 120 ఎత్తున్న జాలీ పెట్టె తీసుకుని వెనకా పక్కలా ప్లాస్టిక్ షీటు బిగించాం. ముందూ పైనా జాలీయే. ఏసీ గాలి సూటిగా తగలని మూలలో, బల్ల మీద పెట్టాం. మన తల కంటే ఎత్తులో కూర్చుంటేనే దానికి ధైర్యం.

మధ్యలో షెఫ్లెరా, పక్కన మందారం, పైనుంచి వేలాడుతూ మనీప్లాంట్. ఈ జాతి ఆకులూ కొరుకుతుంది, కాబట్టి గన్నేరు లాంటి విషపు మొక్కలు వద్దే వద్దు. నర్సరీ వాళ్ళు ఏం మందు కొట్టారో ఏమో అని ఆకులన్నీ కడిగి, మట్టి మార్చి, పైన దాని నోట పట్టనంత గులకరాళ్ళు పరిచాం. మొక్కలు అందానికి కాదు. గిన్నెలో నీళ్ళు అది పెద్దగా పట్టించుకోదు, ఆకు మీద మెరిసే చుక్కే తాగుతుంది.

కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండ చాలదు, అద్దం యూవీబీని ఆపేస్తుంది. అది లేకపోతే కాల్షియం ఒంటపట్టక ఎముకలు వంగిపోతాయి. అందుకే పైన యూవీబీ ట్యూబు, ఒక మూల వేడి బల్బు, దాని కింద కొమ్మ దగ్గర 30 డిగ్రీలు. రాత్రి రెండూ ఆర్పేస్తాం.

ఇదంతా తేలిగ్గానే అయింది. కష్టమైంది మా ఆవిడ ప్రశ్న: "ఇది ఐదారేళ్ళు బతుకుతుందట. మన ఇఖామా ఏడాదికోసారి కదా?" ఫైనల్ ఎగ్జిట్ పడితే సామాన్లతో పాటు కట్టుకెళ్ళేది కాదిది, సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉన్న జంతువు. అభా కొండల్లో వదిలేద్దామా అంటే, బోనులో పుట్టినదాన్ని అలా వదలడం దానికీ మంచిది కాదు, అక్కడున్నవాటికీ కాదు. అందుకే కొనకముందే పై అంతస్తు మలయాళీ కుర్రాణ్ణి అడిగాం. మేం వెళ్ళిపోతే వాడిదే. ఈ జూలైలో ఊరెళ్ళేటప్పుడు తాళం వాడికే ఇచ్చి చీటీ రాసిపెట్టా: పొద్దునా సాయంత్రం నీళ్ళు కొట్టు, ఏసీ కట్టేయకు, ఒళ్ళు నల్లబడి కనిపిస్తే ముందు బల్బు వెలుగుతోందో లేదో చూడు.